ఆటోపైలట్ తప్పుకున్నాక

(హైదరాబాద్‌లో ఇంజినీరింగ్ విద్యార్థుల ఎదుట, సిమ్యులేటర్ శిక్షకుడిగా పనిచేస్తున్న ఒక విశ్రాంత ఎయిర్‌లైన్ కెప్టెన్ చేసిన ప్రసంగానికి అక్షర రూపం)

అందరికీ నమస్కారం. సెలవు రోజైనా హాలు నిండింది, చాలా సంతోషం.

విమానాలు నడిపేవాళ్లు చేత్తో విమానం నడపడం మరిచిపోతున్నారా అన్నది ఈరోజు మాట్లాడుకోవాల్సిన విషయం. సిద్ధాంతంతో మొదలుపెట్టను. మన దేశంలో జరిగిన ఒక ప్రమాదంతో మొదలుపెడతాను. మీలో చాలామంది అప్పటికి పుట్టి ఉండరు.

1990 ఫిబ్రవరి 14. ఇండియన్ ఎయిర్‌లైన్స్ 605, బొంబాయి నుంచి బెంగళూరుకు. ఎయిర్‌బస్ ఏ320, సంస్థ చేతికొచ్చి రెండు నెలలు కూడా కాని కొత్త విమానం. లోపల 146 మంది ఉన్నారు. మధ్యాహ్నం ఒంటిగంట దాటింది, వాతావరణం బాగుంది, రన్‌వే ఎదురుగా కనిపిస్తోంది. ఇంజిన్లు రెండూ బాగున్నాయి. అయినా ఆ విమానం రన్‌వే దాకా చేరలేదు. ముందున్న గోల్ఫ్ మైదానంలో నేలను తాకి, ఎగిరిపడి, గట్టుకు కొట్టుకుని కాలిపోయింది. 92 మంది చనిపోయారు.

అసలేం జరిగిందో కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే మన విషయమంతా అందులోనే ఉంది. ఏ320లో ఇంజిన్ల శక్తిని కంప్యూటర్ సర్దుతుంది. దాన్ని ఆటోథ్రస్ట్ అంటాం. అది ఒక్కో సమయంలో ఒక్కో మోడ్‌లో పనిచేస్తుంది. స్పీడ్ మోడ్‌లో ఉంటే, మనం పెట్టిన వేగం తగ్గకుండా తనే శక్తి పెంచుతుంది, తగ్గిస్తుంది. ఓపెన్ డిసెంట్ అని ఇంకో మోడ్ ఉంది. పైనుంచి త్వరగా దిగడానికి అది పనికొస్తుంది. అందులో ఇంజిన్లు ఐడిల్‌లో, అంటే అతి తక్కువ శక్తితో తిరుగుతుంటాయి. వేగం నిలబెట్టే పని విమానం ముక్కుది. ముక్కు దించితే వేగం పెరుగుతుంది, ఎత్తితే పడిపోతుంది. ఆ రోజు రన్‌వే దగ్గరికొచ్చాక కూడా విమానం ఈ రెండో మోడ్‌లోనే ఉండిపోయింది. ఎక్కువ కిందికి జారిపోకుండా ముక్కు ఎత్తుతూ వచ్చారు. ఇంజిన్లు మాత్రం ఐడిల్‌లోనే ఉన్నాయి. 132 నాట్స్, అంటే గంటకు దాదాపు 245 కిలోమీటర్లు ఉండాల్సిన వేగం పడిపోతూనే ఉంది. చివర్లో గమనించి, ఇంజిన్ శక్తిని పెంచే థ్రస్ట్ లీవర్లు పూర్తిగా ముందుకు తోశారు. జెట్ ఇంజిన్ ఐడిల్ నుంచి పూర్తి శక్తికి రావడానికి కొన్ని సెకన్లు పడుతుంది. ఆ సెకన్లు వాళ్ల దగ్గర లేవు.

కాక్‌పిట్‌లో ఇద్దరూ అనుభవం ఉన్నవాళ్లే. ఒకరు ఈ కొత్త రకం విమానం మీద తనిఖీలో ఉన్నారు, పక్కన కూర్చున్నవారు తనిఖీ చేస్తున్న కెప్టెన్. ప్రభుత్వం ఆ తర్వాత ఏ320లన్నిటినీ కొన్నాళ్లు నేలమీదే నిలిపేసింది. తప్పు విమానానిదా, పైలట్లదా అని పేపర్లలో పెద్ద చర్చ నడిచింది. నా ఉద్దేశంలో ఆ చర్చ తప్పు దారిలో నడిచింది. అడగాల్సిన ప్రశ్న వేరే ఉంది. వేగం చూపించే పరికరం బాగానే పనిచేస్తోంది. ఇంజిన్లు ఏ మోడ్‌లో ఉన్నాయో ఎదురుగా తెర పైన రాసే ఉంది. మరి ఇద్దరు కెప్టెన్లకు అది ఎందుకు పట్టలేదు?

ఇరవై మూడేళ్ల తర్వాత, 2013 జులై 6న, శాన్‌ఫ్రాన్సిస్కోలో ఇంచుమించు ఇదే జరిగింది. ఏషియానా 214, బోయింగ్ 777, 307 మంది. అక్కడా పగలే, వాతావరణం తేటగా ఉంది. అక్కడా ఒక పైలట్ ఈ రకం విమానానికి కొత్త, పక్కన శిక్షకుడు. ఆ కొత్త పైలట్‌కు దాదాపు 10 వేల గంటల అనుభవం ఉంది, అదంతా ఎక్కువగా వేరే విమానాల మీద. రన్‌వే వైపు సరైన కోణంలో దిగడానికి రేడియో సిగ్నల్ ఇచ్చే గ్లైడ్‌స్లోప్ అనే సౌకర్యం ఆ రోజు అక్కడ పనిచేయడం లేదు. అంటే కళ్లతో చూస్తూ దిగాలి. అలా దిగడం తనకు చాలా టెన్షన్‌గా అనిపించిందని ఆ పైలట్ తర్వాత విచారణలో చెప్పారు. మధ్యలో మోడ్లు మారి ఆటోథ్రాటిల్, అంటే ఆటోథ్రస్ట్‌కు బోయింగ్ వాడే పేరు, వేగాన్ని పట్టించుకోని స్థితిలోకి వెళ్లింది. వేగాన్ని అదే చూసుకుంటోందని వీళ్లు అనుకున్నారు. 137 నాట్స్ ఉండాల్సింది 103కి పడిపోయింది. విమానం తోక రన్‌వే ముందున్న సముద్రపు గట్టుకు తగిలి విరిగిపోయింది. ముగ్గురు చనిపోయారు. అంతమంది బతికి బయటపడటం నిజంగా అదృష్టం.

మూడోది మనవాళ్లు ఎక్కువగా ఉన్న విమానం. 2016 ఆగస్టు 3న తిరువనంతపురం నుంచి దుబాయ్ వెళ్లిన ఎమిరేట్స్ 521. 300 మందిలో ఎక్కువమంది భారతీయులే. విమానం రన్‌వే మీద బాగా ముందుకెళ్లి తాకింది. మళ్లీ పైకి లేచి ఇంకోసారి ప్రయత్నిద్దామని కెప్టెన్ గో-అరౌండ్ బటన్ నొక్కారు. మామూలుగా ఆ బటన్ నొక్కితే ఇంజిన్లు వాటంతట అవే శక్తి పుంజుకుంటాయి. కానీ చక్రాలు ఒకసారి నేలను తాకితే ఆ బటన్ పనిచేయకుండా డిజైన్ చేశారు. విమానం ముక్కు లేచింది, కొద్ది అడుగులు పైకి వెళ్లింది, ఇంజిన్లు ఐడిల్‌లోనే ఉన్నాయి. ఇద్దరిలో ఎవరూ లీవర్ సమయానికి ముందుకు తోయలేదు. విమానం తిరిగి రన్‌వే మీద పడి మంటలంటుకుంది. లోపలున్న 300 మందీ బయటపడ్డారు. మంటలార్పడానికి వచ్చిన ఒక అగ్నిమాపక సిబ్బంది ప్రాణం పోయింది.

ఇప్పుడు ఒక విషయం గమనించండి. ఈ మూడింటిలోనూ కావాల్సిన పని ఏమిటి? లీవర్ ముందుకు తోయడం. మూడేళ్ల పిల్లవాడికి చూపించినా తోస్తాడు. దానికి చేతి నైపుణ్యం ఏమీ అక్కర్లేదు. కాబట్టి "పైలట్లకు చేత్తో నడపడం రాకుండా పోతోంది" అని మనం అనుకుంటున్నప్పుడు, పోతున్నది చేతి పనితనం అనుకుంటే పొరపాటు. ఇంజిన్లు ఇప్పుడు శక్తి ఇస్తున్నాయా లేదా, ఇంకో పది సెకన్లలో నా వేగం ఎంత ఉంటుంది, దాన్ని ఎవరు కాపాడుతున్నారు, నేనా యంత్రమా? ఈ ప్రశ్నలు పైలట్ బుర్రలో అడక్కుండానే తిరుగుతూ ఉండాలి. అవి తిరగడం ఆగిపోతోంది. ఈరోజు మీకు నేను చెప్పదలచుకున్నది ఇదే.

ఇది నా ఒక్కడి అభిప్రాయం కాదు. 2014లో అమెరికాలో నాసా పరిశోధకుడు స్టీఫెన్ కాస్నర్, మరికొందరు కలిసి ఒక పరీక్ష చేశారు. పదహారు మంది ఎయిర్‌లైన్ పైలట్లను 747 సిమ్యులేటర్‌లో కూర్చోబెట్టి, ఆటోమేషన్‌ను మెట్టు మెట్టుగా తీసేస్తూ పోయారు. చేతి పని, పరికరాల మీద చూపు తిప్పడం పెద్దగా పాడవలేదు. తుప్పు కాస్త పట్టింది, అంతే. కానీ మ్యాప్ తెర తీసేస్తే మనం ఎక్కడున్నామో మనసులో లెక్కగట్టడం, తర్వాత చేయాల్సింది ఏమిటో నిర్ణయించుకోవడం, ఒక పరికరం అబద్ధం చెబుతుంటే పట్టుకోవడం, ఇక్కడ మాత్రం చాలామంది తడబడ్డారు. యంత్రం నడుపుతున్నప్పుడు ఎవరి ఆలోచనలు వేరేచోట తిరిగాయో వాళ్లే ఎక్కువ తడబడ్డారు.

అసలు ఈ సంగతి అంతకు ముప్పై ఏళ్ల ముందే, 1983లో, లిసాన్ బెయిన్‌బ్రిడ్జ్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త ఒక చిన్న వ్యాసంలో చెప్పారు. ఆవిడ ముఖ్యంగా రసాయన కర్మాగారాల్లాంటి వాటిని దృష్టిలో పెట్టుకుని రాశారు. సులువైన పనులన్నీ యంత్రానికి ఇచ్చేసి, యంత్రానికి చేతకాని కష్టమైన పనిని మనిషికి మిగులుస్తున్నాం. రోజూ ఆ పని చేయనివ్వకుండా, యంత్రం చేతులెత్తేసిన రోజున మాత్రం మామూలు కన్నా గొప్పగా చేయమంటున్నాం. ఆవిడ వాదన సారాంశం ఇది. ఇంజినీరింగ్ చదివే ప్రతి ఒక్కరూ ఆ వ్యాసం వెతికి చదవాలని నా కోరిక.

యంత్రం చేతులెత్తేసిన రోజు ఎలా ఉంటుందో ఎయిర్ ఫ్రాన్స్ 447 చూపించింది. 2009 జూన్ 1. రియో డి జనీరో నుంచి పారిస్‌కు ఏ330, 228 మంది. అట్లాంటిక్ మీద, రాత్రి, 35 వేల అడుగుల ఎత్తు. కెప్టెన్ విశ్రాంతికి వెళ్లారు. ఇద్దరు కో-పైలట్లు సీట్లలో ఉన్నారు. విమానం ముక్కు దగ్గర పీటో గొట్టాలని ఉంటాయి, ఎదురుగాలి ఒత్తిడిని బట్టి వేగం కొలిచేవి. వాటిలో మంచు స్ఫటికాలు అడ్డుపడ్డాయి. తప్పుడు వేగం చూసి కంప్యూటర్ "నాకు నమ్మకం లేదు, మీరే నడపండి" అన్నట్టుగా ఆటోపైలట్‌ను వదిలేసింది. ఆ గొట్టాలు ఒక నిమిషం తిరక్కముందే మళ్లీ బాగయ్యాయి. కానీ అప్పటికే జరగాల్సింది జరిగిపోయింది.

కుడి సీటులోని పైలట్ సైడ్‌స్టిక్‌ను, అంటే విమానాన్ని నడిపే చిన్న కర్రను, వెనక్కి లాగారు. విమానం దాదాపు 38 వేల అడుగులకు ఎక్కింది, వేగం కోల్పోయింది, స్టాల్ అయింది. ఇక్కడ ఒక మాట చెప్పాలి. స్టాల్ అంటే ఇంజిన్ ఆగిపోవడం అని మన పేపర్లలో తరచూ రాస్తారు, అది సరికాదు. గాలికి ఎదురుగా రెక్క వాలు మరీ ఎక్కువైపోయి, రెక్క మీద గాలి చెదిరిపోయి, విమానాన్ని మోసే శక్తి కోల్పోవడం స్టాల్. ఇంజిన్లు ఎంత బాగా తిరుగుతున్నా అది జరుగుతుంది. దానికి మందు ఒక్కటే, ముక్కు దించడం. స్టాల్ హెచ్చరిక ఏకబిగిన 54 సెకన్ల పాటు మోగింది. మధ్యలో వేగం మరీ పడిపోయి 60 నాట్స్ కన్నా తక్కువ నమోదైనప్పుడు, కంప్యూటర్ ఆ లెక్కను నమ్మలేక హెచ్చరికను ఆపేసింది. పైలట్ ముక్కు కాస్త దించగానే వేగం పెరిగి హెచ్చరిక మళ్లీ మోగింది. ఆలోచించండి, సరైన పని చేస్తే అలారం మోగుతోంది, తప్పు పని చేస్తే ఆగిపోతోంది. కెప్టెన్ తిరిగి కాక్‌పిట్‌లోకి వచ్చారు, కానీ ఏం జరుగుతోందో ముగ్గురికీ అంతుబట్టలేదు. ఆటోపైలట్ వదిలేసినప్పటి నుంచి సముద్రాన్ని తాకే వరకు నాలుగున్నర నిమిషాలు కూడా లేదు. అందులో ఒక్కరూ మిగల్లేదు. రికార్డర్లు దాదాపు 3,900 మీటర్ల లోతు నుంచి రెండేళ్ల తర్వాత బయటపడ్డాయి.

ఆ ఎత్తులో వేగం తెలియకపోతే ఏం చేయాలి? ఏమీ చేయకపోవడమే దాదాపు సరైన సమాధానం. విమానం సజావుగా ఎగురుతోంది. ముక్కు రెండున్నర డిగ్రీల దగ్గర, ఇంజిన్లు అంతకుముందున్న శక్తి దగ్గర అలాగే పట్టుకుని కూర్చుంటే అది మళ్లీ సజావుగానే ఎగురుతుంది. ముక్కు ఇంత, శక్తి ఇంత అయితే వేగం ఇంత వచ్చి తీరుతుంది. ఇది భౌతికశాస్త్రం, ఏ గొట్టంలో మంచు పడ్డా మారదు. రోజూ చేత్తో నడిపేవాడికి ఈ అంకెలు ఒంట్లో ఉంటాయి. 35 వేల అడుగుల ఎత్తులో, వేగం తెలియని పరిస్థితిలో, చేత్తో నడపడం ఆ కో-పైలట్లకు ఎప్పుడూ నేర్పలేదని ఫ్రెంచ్ దర్యాప్తు నివేదిక రాసింది. వాళ్లను తిట్టి లాభం లేదు. నేర్పనివాళ్లను అడగాలి.

నేను సిమ్యులేటర్‌లో రోజూ చేసే పని ఒకటి చెబుతాను, అప్పుడు ఈ "బుర్రలో తిరగడం" అంటే ఏమిటో తెలుస్తుంది. ఒక కుర్రవాడు వస్తాడు, మంచి మార్కులు, మంచి క్రమశిక్షణ. రన్‌వేకు పది మైళ్ల దూరంలో, 3 వేల అడుగుల ఎత్తులో ఉండగా ఆటోపైలట్ ఆపేయమంటాను. తర్వాత ఫ్లైట్ డైరెక్టర్. తెర మీద "ఇటు తిప్పు, ఇంత ఎత్తు" అని దారి చూపే గీతలు అవి. ఆఖరున ఆటోథ్రస్ట్. తొలి నిమిషం బాగానే నడుపుతాడు. చేతులు మెత్తగానే ఉంటాయి. అప్పుడు అడుగుతాను. "బాబూ, ఇప్పుడు ఇంజిన్ శక్తి ఎంత పెడితే ఈ వేగం నిలుస్తుంది?" అతని చూపు తెర మీద అటూ ఇటూ పరుగెడుతుంది, జవాబు అక్కడెక్కడో రాసి ఉంటుందన్నట్టు. ఈలోపు వేగం ఐదు నాట్స్ తగ్గుతుంది. అది చూసి లీవర్ బాగా తోస్తాడు. వేగం పది పెరుగుతుంది. మళ్లీ వెనక్కి లాగుతాడు. లీవర్ కోసం చూస్తున్న కళ్లు ఎత్తు చూడటం మానేస్తాయి. వేగం సర్దేలోపు దారి తప్పుతాడు, దారి సర్దేలోపు వేగం తప్పుతుంది. రెండు మూడు సెషన్లు గడిచేసరికి, ముందే అంకె పెట్టుకుని, విమానం దానికి వచ్చేదాకా ఆగడం నేర్చుకుంటాడు. ఆ తర్వాత అతని ముఖంలో భయం పోతుంది. ఆ తేడా చూడటం కోసమే నేను రిటైరయ్యాక కూడా ఈ పని వదల్లేదు.

ఎయిర్‌బస్‌లో ఇంకో చిక్కు ఉంది. ఆటోథ్రస్ట్ శక్తి పెంచినా తగ్గించినా లీవర్లు కదలవు. టేకాఫ్ తర్వాత ఒక గాటులో పెడితే ల్యాండింగ్ దాకా అక్కడే ఉంటాయి. బోయింగ్‌లో అయితే లీవర్లు వాటంతట అవి కదులుతాయి, దాని మీద చెయ్యి వేసి ఉంచితే ఇంజిన్లు ఏం చేస్తున్నాయో చేతికి తెలుస్తుంది. రెంటిలో ఏది మంచిదని పైలట్లు ఎప్పటికీ వాదించుకుంటూనే ఉంటారు. నేను చెప్పేదొక్కటే, చేతికి తెలియనప్పుడు కంటికి తెలియాలి. తెర పైభాగంలో అంగుళం వెడల్పు కూడా లేని పట్టీలో మోడ్ పేరు ఆకుపచ్చ అక్షరాలతో ఉంటుంది. అది మారినప్పుడల్లా పైకి చదవమని మేం పదేపదే చెబుతాం. బెంగళూరులో ఆ రోజు ఆ పట్టీలోనే "థ్రస్ట్ ఐడిల్" అని ఉంది.

మీకు ఒక లెక్క ఇస్తాను, చేయండి. మీరు ఢిల్లీ నుంచి శంషాబాద్ వస్తున్నారు, 36 వేల అడుగుల ఎత్తులో. ఎక్కడ దిగడం మొదలుపెట్టాలి? శంషాబాద్ విమానాశ్రయం సముద్రమట్టానికి 2 వేల అడుగుల ఎత్తులో ఉంది. కాబట్టి దిగాల్సింది 34 వేల అడుగులు. మూడు డిగ్రీల వాలులో ప్రతి వెయ్యి అడుగులకు మూడు నాటికల్ మైళ్లు కావాలి. 34ను మూడుతో గుణిస్తే 102. వేగం తగ్గించుకోవడానికి ఇంకో పది కలపండి. 112 నాటికల్ మైళ్లు, మన కిలోమీటర్లలో దాదాపు 207. అంటే ఇంచుమించు నిర్మల్ దగ్గర దిగడం మొదలవ్వాలి. ఎదురుగాలి ఉంటే కొంచెం ఆలస్యంగా, వెనక నుంచి గాలి ఉంటే ఇంకా ముందుగా. ఎంత వేగంగా దిగాలంటే, నేల మీద మన వేగం 140 నాట్స్ అయితే దాన్ని ఐదుతో గుణించండి, నిమిషానికి 700 అడుగులు. ఇదంతా కంప్యూటర్ ఎలాగూ లెక్కిస్తుంది, తెర మీద ఒక బాణం గుర్తు వేసి చూపిస్తుంది. అయినా నేను చేయమంటాను. క్యాలిక్యులేటర్ చేతికొచ్చాక ఎక్కాలు మరిచిపోయిన పిల్లలకు జవాబు తప్పు వచ్చినా అనుమానం రాదు చూడండి, అదే ఇక్కడి ప్రమాదం. నిర్మల్ దాటాక కూడా బాణం ముందెక్కడో ఉంటే "ఎందుకు?" అని అడిగే మనిషి కాక్‌పిట్‌లో కావాలి.

మరి పైలట్లు ఎందుకు చేత్తో నడపరు అని మీరు అడగొచ్చు. బద్ధకం అనుకోకండి, కారణాలు గట్టివే. 29 వేల నుంచి 41 వేల అడుగుల మధ్య విమానాల మధ్య ఎత్తు తేడా వెయ్యి అడుగులే. అంత కచ్చితత్వం కోసం అక్కడ ఆటోపైలట్ ఉండాల్సిందే. శీతాకాలంలో ఢిల్లీ పొగమంచులో దిగాలంటే ఆటోలాండ్, అంటే యంత్రమే విమానాన్ని దించడం, తప్ప దారి లేదు. రద్దీ ఉన్న విమానాశ్రయాల్లో కంట్రోలర్ వరసగా ఆదేశాలిస్తుంటే, ఒకరు చేత్తో నడిపితే పక్కవారి మీద భారం పెరుగుతుంది. ఇవన్నీ పోగా మిగిలేది టేకాఫ్ తర్వాత కొద్ది నిమిషాలు, ల్యాండింగ్‌కు ముందు కొద్ది నిమిషాలు. ఆ కాస్త కూడా చాలా సంస్థల్లో దక్కదు. ప్రతి ఫ్లైట్ డేటా రికార్డవుతుంది, ఏదైనా హద్దు కాస్త దాటితే ఆఫీసు నుంచి పిలుపొస్తుంది. ఆ పిలుపు భయంతో చేత్తో నడపడమే మానేసిన కెప్టెన్లు నాకు తెలుసు. డేటా చూడటం మంచిదే, దానివల్ల ఎన్నో ప్రమాదాలు తప్పాయి. కానీ సాధన చేసినవాడిని శిక్షించి, సాధన మానేసినవాడిని మెచ్చుకునేలా దాన్ని వాడకూడదు.

మన దేశంలో ఇంకో సంగతి కలుస్తుంది. 2023లో ఇండిగో ఒక్కసారే 500 విమానాలకు, ఎయిర్ ఇండియా 470 విమానాలకు ఆర్డరిచ్చాయి. వీటన్నిటికీ పైలట్లు కావాలి. ఇక్కడ 200 గంటలతో కమర్షియల్ లైసెన్స్ వస్తుంది. ఆ పిల్లలు చిన్న విమానాల నుంచి నేరుగా ఏ320 కుడి సీటులోకి వస్తారు. అమెరికాలో 2009లో బఫెలో నగరం దగ్గర జరిగిన విమాన ప్రమాదం తర్వాత చట్టం మార్చి, ఎయిర్‌లైన్ కో-పైలట్‌కు కూడా సాధారణంగా 1,500 గంటలు ఉండాలన్నారు. గంటల సంఖ్య ఒక్కటే మనిషిని పైలట్‌ను చేయదు, శాన్‌ఫ్రాన్సిస్కో కెప్టెన్ దగ్గర గంటలకు కొదవ లేదు. కానీ 200 గంటలతో వచ్చిన పిల్లవాడు ఆ తర్వాతి వేల గంటలు బటన్లు నొక్కుతూ గడిపితే, అతని చేతి అనుభవం ఆ 200 దగ్గరే ఆగిపోతుంది. పదేళ్ల తర్వాత అతనే ఎడమ సీటులో కెప్టెన్. నాకు నిద్ర పట్టనివ్వని ఆలోచన ఇదొక్కటే.

ఇంత చెప్పాక, ఆటోమేషన్ చెడ్డదని నేనంటున్నానని ఎవరూ అనుకోవద్దు. జెట్ విమానాల తొలి దశాబ్దాలతో పోలిస్తే ఈరోజు విమానయానం ఎన్నో రెట్లు భద్రంగా ఉంది, అందులో కంప్యూటర్ల వాటా పెద్దది. 2009 జనవరి 15న హడ్సన్ నదిలో దిగిన విమానం కథ మీకు తెలుసు. 155 మందీ బతికారు. కెప్టెన్ సల్లెన్‌బర్గర్ చేత్తో నడిపారు, నిజమే. కానీ చివరి క్షణాల్లో ముక్కు మరీ లేచి స్టాల్ కాకుండా ఎయిర్‌బస్ కంప్యూటర్ కూడా కాపలా కాసింది. అందరూ ఆ ల్యాండింగ్‌నే పొగుడుతారు. నన్ను ఆకట్టుకునేది అంతకు ముందు జరిగింది. పక్షులు తగిలి ఇంజిన్లు పోగానే ఆయన తోకలో ఉండే చిన్న సహాయక ఇంజిన్‌ను ఆన్ చేశారు. చెక్‌లిస్ట్‌లో అది ఎక్కడో కిందికి ఉంటుంది. ఆ ఒక్క పనితో విమానానికి కరెంటు నిలిచింది, కంప్యూటర్ రక్షణలు నిలిచాయి. లోపల ఏది దేనిమీద ఆధారపడుతుందో ఆయన బుర్రలో సిద్ధంగా ఉంది.

ఇంకో జాగ్రత్త కూడా చెప్పాలి. పైలట్లకు నైపుణ్యం తగ్గిందన్న మాటను కంపెనీలు తమ తప్పులు కప్పిపుచ్చుకోవడానికి వాడుకోకూడదు. బోయింగ్ 737 మ్యాక్స్ ప్రమాదాలు రెండింట్లో, 2018లో ఇండోనేసియాలో, 2019లో ఇథియోపియాలో, 346 మంది పోయారు. ఒకే ఒక్క సెన్సర్ చెప్పింది నమ్మి విమానం ముక్కును పదేపదే కిందికి తోసే సాఫ్ట్‌వేర్ అందులో ఉంది. మొదటి ప్రమాదం జరిగేదాకా అలాంటిది ఒకటుందని పైలట్ల మాన్యువల్‌లోనే లేదు. ఇథియోపియా పైలట్లు ఆ వ్యవస్థను ఆపేశాక, కాక్‌పిట్‌లో ముక్కును సర్దడానికి ఉండే చక్రాన్ని చేత్తో తిప్పబోయారు. గాలి ఒత్తిడికి చక్రం కదల్లేదు. అక్కడ "పైలట్లు సరిగా నడపలేదు" అనడం అన్యాయం.

ఇక చేయాల్సిన పని. 2013 జనవరిలో అమెరికా ఏవియేషన్ నియంత్రణ సంస్థ ఎఫ్ఏఏ, వీలున్నప్పుడల్లా పైలట్లను చేత్తో నడపనివ్వమని ఎయిర్‌లైన్లకు సూచన పంపింది. సూచనే, ఆదేశం కాదు. మూడేళ్ల తర్వాత అక్కడి ప్రభుత్వ తనిఖీ విభాగం చూస్తే, పైలట్లు అసలు ఎంత తరచుగా చేత్తో నడుపుతున్నారో చెప్పగలిగే స్థితిలోనే ఎఫ్ఏఏ లేదని తేలింది. లెక్కే లేనిదాన్ని ఎలా బాగుచేస్తారు? అందుకే ముందు సంస్థలు ఈ లెక్క పెట్టాలి. ఏ పైలట్ చివరిసారి ఆటోథ్రస్ట్ కూడా ఆపేసి ఎప్పుడు దిగారు అన్నది రికార్డర్ డేటాలోనే ఉంది. తప్పులు వెతకడానికి వాడే ఆ డేటాను సాధన లెక్కకు కూడా వాడొచ్చు.

1997లో అమెరికన్ ఎయిర్‌లైన్స్ శిక్షకుడు వారెన్ వాన్‌డర్‌బర్గ్ డాలస్‌లో పైలట్లకు ఒక పాఠం చెప్పారు. యంత్రం అయోమయంలో పడేస్తున్నప్పుడు ఇంకా బటన్లు నొక్కుతూ దాన్ని బుజ్జగించొద్దు, ఒక మెట్టు కిందికి దిగు, అప్పటికీ తేలకపోతే ఆపేసి చేత్తో నడుపు అని. చెప్పడం తేలికే. రోజూ ఆ మెట్లు దిగి ఎక్కే అలవాటు లేనివాడికి, అలారాలు మోగుతున్నప్పుడు అది గుర్తుకు రాదు. మా పిల్లలకు నేను చెప్పేది ఇలా ఉంటుంది. వాతావరణం బాగున్న రోజు చూసుకోండి, రద్దీ లేని విమానాశ్రయం చూసుకోండి, ఒంట్లో ఓపిక ఉందో లేదో చూసుకోండి. దిగడం మొదలయ్యేముందే పక్కనున్న కెప్టెన్‌తో "సార్, ఈరోజు పదివేల అడుగుల నుంచి చేత్తో నడుపుతాను, ఏదైనా తేడా అనిపిస్తే చెప్పండి" అని అనుమతి తీసుకోండి. సిమ్యులేటర్‌లో ఆరు నెలలకోసారి చేసే పరీక్షలో ఇంజిన్ ఫెయిల్యూర్ వస్తుందని అందరికీ ముందే తెలుసు. అది పరీక్ష, సాధన కాదు. ఏమొస్తుందో తెలియని సెషన్లు, మార్కులు వేయని సెషన్లు కావాలి. అవి ఖర్చుతో కూడుకున్న పని కాబట్టే సంస్థలు వెనకాడతాయి. నియంత్రణ సంస్థ తప్పనిసరి చేస్తే తప్ప జరగదని నా నమ్మకం.

మీరు పైలట్లు కాకపోవచ్చు. మీలో చాలామంది సాఫ్ట్‌వేర్‌లోకి వెళ్తారు, కొందరైనా కార్లలో, ఆసుపత్రుల్లో, కరెంటు గ్రిడ్‌లో మనిషి బదులు నిర్ణయాలు తీసుకునే వ్యవస్థలు తయారుచేస్తారు. మీ కంప్యూటర్ పని మనిషికి అప్పగించే క్షణాన్ని దయచేసి ఆఖర్న డిజైన్ చేయకండి. ఎయిర్ ఫ్రాన్స్ కాక్‌పిట్‌లో ఒక పైలట్ స్టిక్ వెనక్కి లాగుతున్నట్టు రెండో పైలట్ చేతికి తెలియలేదు, ఎందుకంటే ఎయిర్‌బస్‌లో ఆ రెండు స్టిక్‌లకు సంబంధం లేదు. ఒకటి కదిలితే రెండోది కూడా కదిలేలా చేయడం అసాధ్యమేమీ కాదు. గల్ఫ్‌స్ట్రీమ్ జీ500 అనే చిన్న జెట్‌లో అలాంటి స్టిక్‌లు వచ్చేశాయి. మీ తరం ఇంజినీర్లు అడిగితే పెద్ద విమానాల్లోకీ వస్తాయి.

ఇప్పుడు నడుస్తున్న పెద్ద చర్చ ఇంకొకటుంది. సుదూర ప్రయాణాల్లో, విమానం పైన నిలకడగా ఎగురుతున్నంతసేపు కాక్‌పిట్‌లో ఒక్క పైలట్ చాలని, రెండోవారు నిద్రపోవచ్చని తయారీ సంస్థలు ప్రతిపాదించాయి. యూరప్ నియంత్రణ సంస్థ ఈఏఎస్ఏ దీన్ని అధ్యయనం చేయించి, ఇద్దరు ఉన్నప్పటి భద్రత ఒక్కరితో వస్తుందని ప్రస్తుతానికి నిరూపించలేమని 2025లో తేల్చింది. చర్చ అంతటితో ఆగదు, ఖర్చు తగ్గించే ఏ ఆలోచనా అంత తేలిగ్గా చావదు. ఎవరైనా మళ్లీ ఆ ప్రతిపాదన తెస్తే నేను అడిగేది ఒకటే. అర్ధరాత్రి సముద్రం మీద వేగం చూపే పరికరాలన్నీ తలోమాట చెబుతుంటే, పక్కన "ముక్కు దించు" అనే మనిషి లేని ఆ ఒక్క పైలట్‌కు, చేత్తో నడిపే సాధన వారంలో ఎన్ని గంటలు ఇస్తారు, ఏ రోజున ఇస్తారు, కాగితం మీద రాసి చూపించండి అని.

నేను చెప్పాల్సింది అయింది. ప్రశ్నలు అడగండి. ముందు వెనక వరసలో చెయ్యెత్తిన అమ్మాయి, చెప్పమ్మా.